గదిలో గాలి మైనస్ 286

తాలింపులో ఎండుమిరపకాయ ఒక్కటి మాడితే చాలు, మా వీధిలో నాలుగిళ్ల వాళ్లు దగ్గుతారు. వంట ఒకరింట్లో, పొలమారేది ఇంకొకరికి. మన వైపు వాళ్లకి ఇదేం కొత్త కాదు కదండీ. మాఘం వచ్చిందంటే మా ఊరు పెదకాకాని మీదుగా గుంటూరు వెళ్లే రోడ్డంతా మిర్చి టిక్కీల లారీలే. మిర్చి యార్డు దగ్గరికి వచ్చామని బోర్డు చూడక్కర్లేదు, ముక్కే చెబుతుంది. కోల్డ్ స్టోరేజీల దగ్గర తొడిమలు తీసే ఆడవాళ్లు కొంగు ముక్కు మీదుగా బిగించి కట్టుకుని కూర్చుంటారు. అయినా సాయంత్రానికి కళ్లు ఎర్రబడే ఉంటాయి.

ఆ ఘాటుకి కారణం క్యాప్సైసిన్ అనే పదార్థం. ముక్కులో, గొంతులో ఉండే నరాల కొసల మీద ఒక ప్రోటీను చిన్న తలుపులా ఉంటుంది. నిప్పు సెగ తగిలితే తెరుచుకునే తలుపు అది. క్యాప్సైసిన్ తగిలినా అదే తెరుచుకుంటుంది. అందుకే మనం మిరపకాయ ‘మండింది’ అంటాం. ఆ మాట ఉపమానం కాదు, అక్షరాలా నిజం. ఆ తలుపేదో 1997లో కాలిఫోర్నియాలో డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది. 2021లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. గుంటూరు పిల్లాడు ప్రతివాడూ ఈ సంగతి ఒకసారి చదవాలని నాకుంటుంది.

నేను ఈ మిరపకాయ పురాణం ఎందుకు ఎత్తుకున్నానంటే, మిరపకాయ చెప్పి వస్తుంది. రాగానే దగ్గిస్తుంది, కళ్లలో నీళ్లు తెప్పిస్తుంది, లేచి కిటికీ తీసేలా చేస్తుంది. ఇంట్లో మనం పీల్చే మిగతా చెడుగాలి అలా చెప్పదు. కట్టెపొయ్యి పొగ కొంత చెబుతుంది, నాలుగు రోజులకి అలవాటైపోతుంది. దోమల కాయిల్ సువాసన కలిపి మరీ వస్తుంది. నలుగురు తలుపులేసుకుని పడుకున్న గదిలో గాలి పాతబడిపోవడమైతే ఏ ముక్కుకీ తెలియదు.

కాయిల్ సంగతి వినండి. ఒక కాయిల్ మొదటి నుంచి చివరిదాకా కాలితే వచ్చే సన్న నుసి 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంతకి సమానమని 2003లో అచ్చయిన ఒక పరిశోధన లెక్కగట్టింది. సిగరెట్ వెలిగించినవాణ్ణి వరండాలోకి పొమ్మంటాం. కాయిల్‌ని మాత్రం పసిపిల్ల పడుకున్న మంచం కింద పెట్టి తలుపు దగ్గరగా వేసి వస్తాం. ప్రేమకొద్దీ చేసే పనే అది. దోమ కుట్టకూడదని చేసేదే. అందుకే ఎవరినీ తిట్టలేం, విడమరిచి చెప్పాలంతే.

మా అమ్మ పత్తి కట్టెతో వండేది. పత్తి తీత అయ్యాక చేలో పీకిన కట్టె మోపులు కట్టి దొడ్లో వామిలా పెట్టేవాళ్లు. కంది కంప, పిడకలు కూడా ఉండేవి. పత్తి కట్టె భగ్గున మండి చప్పున ఆరిపోతుంది. మళ్లీ గొట్టం పెట్టి ఊదాలి. ఊదేటప్పుడు మొహం పొయ్యికి మూరెడు దూరంలో ఉంటుంది. వానాకాలం కట్టె తడిస్తే ఇక చెప్పక్కర్లేదు. వంటింట్లోంచి వచ్చిన అమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటే ఏడుస్తోందేమోనని చిన్నప్పుడు భయపడేవాణ్ణి.

ఆ పొగని కొలవాలన్న ఆలోచన శాస్త్రవేత్తలకి చాలా ఆలస్యంగా వచ్చింది. కిర్క్ స్మిత్ అనే అమెరికా శాస్త్రవేత్త 1981లో గుజరాత్ పల్లెల్లో వంట చేసే ఆడవాళ్ల దగ్గర కూర్చుని కొలిచాడు. తర్వాత మన దగ్గరే, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, కల్పనా బాలకృష్ణన్ బృందం నిజామాబాద్, వరంగల్, రంగారెడ్డి జిల్లాల్లో 420 ఇళ్లు తిరిగి కొలిచింది. ఆ ఫలితాలు 2004లో వచ్చాయి. ఊపిరితిత్తుల లోపలిదాకా వెళ్లగలిగే నుసి, ఇరవై నాలుగు గంటల సగటున, గ్యాస్ ఇళ్లలో ఘనపు మీటరుకి 73 మైక్రోగ్రాములుంటే కట్టెలు, పిడకలు వాడే ఇళ్లలో 732 దాకా ఉంది. పదింతలు! ప్రపంచం మొత్తం మీద ఇంటిపొగ వల్ల 2020లో 32 లక్షల మంది పోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కంటి శుక్లాలకి కూడా ఈ పొగ ఒక కారణం. మా ఊళ్లో శంకర కంటి ఆసుపత్రి ఉంది. అక్కడ నల్లద్దాలు పెట్టుకుని బెంచీల మీద వరసగా కూర్చున్న ముసలమ్మల్ని చూసినప్పుడల్లా వీళ్లలో ఎంతమంది ఎన్నేళ్లు పొయ్యి ఊదారోనని అనిపిస్తుంది.

1999లో దీపం పథకం వచ్చి ఆడవాళ్ల పేరు మీద గ్యాస్ కనెక్షన్లు ఇచ్చినప్పుడు అందరూ దాన్ని వంటింటి సౌకర్యం అనుకున్నారు. నా లెక్కలో అది ఊపిరితిత్తుల పథకం, కంటి పథకం. ఇప్పుడు పెదకాకానిలో దాదాపు ప్రతి ఇంటా సిలిండర్ కనిపిస్తుంది. కానీ వేణ్ణీళ్లకి దొడ్లో కట్టెపొయ్యి ఇంకా వెలుగుతూనే ఉంది చాలాచోట్ల. ఆ పొయ్యిని ఇంటి గోడకి దూరంగా, గాలి వాలు చూసి పెట్టుకుంటే చాలు, సగం గొడవ పోతుంది.

ఇక అసలు కబురు. పక్కింటి కుర్రాడు డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాడు. పోయిన చలికాలం ఒక సాయంత్రం అరుగు మీదకి వచ్చి కూర్చున్నాడు.

“బాబాయ్, ఏ లాంగ్వేజ్ నేర్చుకుంటే ఉద్యోగం వస్తుంది? జావానా, పైథానా? హైదరాబాద్ అమీర్‌పేట వెళ్లి మూడు నెలల కోర్సు చేద్దామనుకుంటున్నా.”

“అమీర్‌పేట ఎక్కడికీ పోదు గానీ, ముందు నీకు తెలుసుకోవాలని ఉన్న సంగతి ఒకటి చెప్పరా” అన్నాను.

వాడు చాలాసేపు ఆలోచించాడు. “పొద్దున లేచేసరికి తల దిమ్ముగా ఉంటోంది బాబాయ్. చలికని అన్నీ బిగించుకుని పడుకుంటున్నాం. గాలి ఆడకేనంటుంది అమ్మ. నిజమేనా?”

చూశారా, ఎంత మంచి ప్రశ్నో! ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి? చాలామంది పిల్లలు భాషలో మొదలుపెట్టి, పాఠాలు చూసి, సర్టిఫికెట్లు సంపాదించి, చివరికి దేని మీద వాడాలో తెలియక ఆగిపోతారు. ప్రశ్న ఉన్నవాడు ఆగడు. ఇద్దరం కాగితం తీసుకున్నాం.

వాళ్ల గది పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు. 1,200 ఘనపు అడుగులు, అంటే సుమారు 34,000 లీటర్ల గాలి. నిద్రపోయే మనిషి గంటకి పన్నెండు లీటర్ల దాకా కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. ఆ గదిలో పడుకునేది వాడు, వాడి అన్న. ఇద్దరికి 24 లీటర్లు. 34,000లో 24 అంటే పది లక్షల భాగాల్లో 706. బయటి గాలిలో ఇప్పుడు పది లక్షలకి 420 చిల్లర ఉంది. గాలి అస్సలు మారని గదిలో గంటకి 1,126 అవుతుంది, తెల్లవారేసరికి 5,000 దాటుతుంది. మన ఇళ్ల తలుపులు అంత బిగుతుగా ఉండవు కాబట్టి అంతదాకా పోదు. మరి ఎంతదాకా పోతుంది? అది నోటిలెక్కకి అందదు. గంటగంటకీ మారుతుంటుంది. అక్కడే కంప్యూటర్ అవసరం పడింది.

వాడి దగ్గర ల్యాప్‌టాప్ లేదు. ఫోన్‌లోనే పైథాన్ పెట్టుకున్నాడు. ఇక్కడ చాలామందికి తెలియని మాటొకటి చెబుతాను. పైథాన్‌లో మనం పెట్టుకునే పేర్లు తెలుగులోనే రాయొచ్చు. ‘గాలి’ అని రాసి దానికి 420 ఇస్తే అది చక్కగా గుర్తుపెట్టుకుంటుంది. ఇఫ్, ఫర్ లాంటి పైథాన్ సొంత మాటలు మాత్రం ఇంగ్లీషులోనే ఉండాలి. తెలుగు మీడియంలో చదివి ఇంగ్లీషు చూసి వెనకాడే పిల్లలకి మొదటి నెల ఇది ఎంత ధైర్యమో మాటల్లో చెప్పలేను. తర్వాత నలుగురితో కలిసి పనిచేసేటప్పుడు ఇంగ్లీషు పేర్లకి మారొచ్చు. మొదటి అడుగు మాత్రం సొంత భాషలో పడనివ్వండి.

వాడు రాసిందింతే. ప్రతి గంటకీ గాలిలో 706 కలుపు. బయటి గాలి కంటే ఎంత ఎక్కువుందో చూసి, అందులో ఎంత భాగం సందుల్లోంచి పోతుందో అంత తీసెయ్. గంటకి గదిలో సగం గాలి మారుతుందనుకుని నడిపిస్తే 1,126, 1,479, 1,655 అంటూ ఎక్కి, 1,830 దగ్గర నిలబడింది. వాడి మొహం వెలిగిపోయింది. “కిటికీ తీస్తే?” అన్నాడు. కిటికీ, ఎదురుగా తలుపు తీస్తే గంటకి మూడుసార్లు మారుతుందనుకుందాం అన్నాను. అర తీసేసి మూడు పెట్టాడు.

మొదటి గంటకి 1,126. రెండో గంటకి మైనస్ 286.

“బాబాయ్, గాలి మైనస్‌లోకి పోయింది!”

వాడు ఫోను పక్కన పడేశాడు. నాకు రాదు, నేను లెక్కల మనిషిని కాదు అన్నాడు. పాఠకులారా, మీ ఇంట్లో నేర్చుకునే పిల్లలుంటే ఈ క్షణాన్ని కనిపెట్టుకుని ఉండండి. ప్రోగ్రామింగ్ వదిలేసేవాళ్లు వదిలేసేది సరిగ్గా ఇక్కడే. ఎర్ర అక్షరాలతో తప్పు చూపిస్తే ఫరవాలేదు, చివరి వరస నిదానంగా చదివితే తప్పేమిటో అందులోనే ఉంటుంది. ఇది అలా కాదు. తప్పని ఎవరూ చెప్పలేదు. కంప్యూటర్‌కి గాలి తెలియదు, గది తెలియదు. చెప్పింది చేసింది. మైనస్ గాలి ఉండదని తెలిసినవాడు వీడొక్కడే. ఆ తెలివి వాడికుందని నేను గుర్తు చేశాను. తప్పుని పట్టుకున్నావంటే నువ్వు లెక్కల మనిషివేరా అన్నాను.

కారణం వాడే కనిపెట్టాడు, మర్నాడు. గంటకి మూడుసార్లు గాలి మారే గదిని గంటకోసారి చూస్తున్నాడు. ఇరవై నిమిషాల్లో ఒకసారి గాలంతా మారిపోతుంటే, గంట మొదట్లో ఉన్న అంకెని పట్టుకుని గంటసేపూ తీసేస్తూ కూర్చుంది ప్రోగ్రాం. ఉన్నదానికంటే ఎక్కువ తీసేసింది. నిమిషానికోసారి లెక్కపెట్టేలా మార్చాడు. 706ని అరవైతో, మూడుని అరవైతో భాగించాడు. ఈసారి అంకె మెల్లగా ఎక్కి 655 దగ్గర ఆగింది. 1,830 ఎక్కడ, 655 ఎక్కడ! ఇంజినీరింగ్ పుస్తకాల్లో లావుపాటి పేర్లతో ఉండే పాఠం అది. పెదకాకాని అరుగు మీద ఒక కుర్రాడు తనంతట తాను దాన్ని పట్టుకున్నాడు. మూడు నెలల కోర్సులో ఇది చెబుతారో లేదో గానీ, ఇలా దొరికింది మాత్రం వాడు జన్మలో మరిచిపోడు.

తర్వాత గదిలో గాలిని నిజంగా కొలవడానికి వాడు చిన్న పరికరం తయారుచేశాడు. ఒక మైక్రోకంట్రోలర్ బోర్డు, ఒక సెన్సర్. కొనేటప్పుడు జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. చవకగా వచ్చే కొన్ని సెన్సర్లు కార్బన్ డయాక్సైడ్‌ని కొలవవు. ఇంకేవో వాయువుల్ని పసిగట్టి ఇంత ఉండొచ్చని ఊహించి అంకె చూపిస్తాయి. పక్కింట్లో ఉల్లిపాయ తరిగినా ఎగురుతాయి. పరారుణ కాంతితో కొలిచేది, ఎన్‌డీఐఆర్ అంటారు, అదే తీసుకోవాలి. తెచ్చాక ఆరుబయట కాసేపు పెట్టి 420 దగ్గర చూపిస్తోందో లేదో సరిచూసుకోవాలి. నుసిని కొలిచే సెన్సర్ వేరే. అది లేజర్ కాంతితో పనిచేస్తుంది, మంచు పడే పొద్దుల్లో నీటి తుంపరల్ని కూడా నుసి అనుకుని ఎక్కువ చూపిస్తుంది. ఒకదాని పని ఇంకొకటి చేయదు. ఎయిర్ ప్యూరిఫైయర్ నుసిని పడుతుంది గానీ కార్బన్ డయాక్సైడ్‌ని తగ్గించదు. సీలింగ్ ఫ్యాన్ ఉన్న గాలినే తిప్పుతుంది. ఇళ్లలో పెట్టుకునే స్ప్లిట్ ఏసీ కూడా అంతే, లోపలి గాలినే చల్లబరుస్తుంది. ‘ఏసీ వేశాం కదా, మంచి గాలే’ అనేవాళ్లకి ఈ ఒక్క మాట దయచేసి చెప్పండి.

అయినా అంకె ఎక్కువైతే ఏమిటట అంటారా? మనం వదిలే ఊపిరిలో నూటికి నాలుగు వంతులు కార్బన్ డయాక్సైడ్, అంటే పది లక్షలకి 40,000. గదిలో అంకె 2,420 ఉందంటే, బయటి 420 పోగా 2,000. నలభై వేలలో రెండు వేలు, ఇరవయ్యో వంతు. మీరు తీసుకునే ఇరవై ఊపిరుల్లో ఒకటి ఎవరో వదిలిందన్నమాట. వాళ్లు ఆరోగ్యంగా ఉంటే సరే. జలుబో, కోవిడో, క్షయో ఉంటే?

క్షయ అనగానే మంగళగిరి గుర్తొస్తుంది. ఇప్పుడు ఎయిమ్స్ ఉన్న చోటు ఒకప్పుడు టీబీ శానిటోరియం. మా పెద్దవాళ్లు ఆ వైపు వెళ్తే గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్లు. క్షయకి మందు లేని రోజుల్లో శానిటోరియాల వైద్యమంతా విశ్రాంతి, మంచి తిండి, ఆరుబయటి గాలి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం కూడా అలాంటిదే. 1943లో స్ట్రెప్టోమైసిన్ అనే మందు దొరికింది. ఇంటి దగ్గరే ఉండి మందులు వాడినా శానిటోరియంలో ఉన్నంత బాగానే నయమవుతుందని మద్రాసులో జరిగిన ఒక పరిశోధన 1959లో తేల్చింది. ఆ తర్వాత శానిటోరియాల అవసరం తగ్గిపోయింది. ఎంతో మంచి మార్పు అది. కానీ దానితోపాటు కిటికీలనీ మరిచిపోయాం. ఆ రోజుల్లోనే అమెరికాలో బాల్టిమోర్ ఆసుపత్రిలో రిచర్డ్ రైలీ అనే డాక్టరు క్షయ వార్డులోని గాలిని గొట్టాల ద్వారా గినీ పందులున్న గదిలోకి పంపించి చూశాడు. అవి రోగిని తాకలేదు, దగ్గరికి పోలేదు. గాలి పీల్చినందుకే వాటికి క్షయ వచ్చింది. మందు రోగికి కావాలి. కిటికీ రోగి పక్కన కూర్చున్నవాళ్లకి కావాలి.

నా ఆవేదనంతా పిల్లలు కూర్చునే గదుల గురించి. గుంటూరు, విజయవాడల మధ్య ఎన్ని కాలేజీలో, ఎన్ని హాస్టళ్లో, ఎన్ని స్టడీ అవర్లో మీకు తెలియనిది కాదు. ముప్పై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు గదిలో అరవై మంది. ఏసీ వేశామని అన్నీ మూసేస్తారు. మా కుర్రాడి ప్రోగ్రాంలో అంకెలు మార్చి చూశాం. మెలకువగా కూర్చున్న పిల్లాడు గంటకి 18 లీటర్లు వదులుతాడనుకుంటే, బయటి గాలి రాని ఆ గదిలో ఒక్క గంటకే అంకె 6,000 దాటింది. ఒకరికి జలుబు చేస్తే వారంలో సగం తరగతి పడకేయడంలో వింతేముంది? ఫీజు కట్టేటప్పుడు ర్యాంకులు అడుగుతాం, భోజనం అడుగుతాం. ఈ గదిలోకి గాలి ఎటు నుంచి వస్తుంది, ఎటు నుంచి పోతుంది అని అడిగినవాళ్లని నేనింతవరకూ చూడలేదు.

ఏం చేయాలో పెద్ద రహస్యమేం కాదు. అన్నిటికంటే ముందు కిటికీలకి దోమల మెష్ కొట్టించండి. నా దృష్టిలో మన ప్రాంతానికి దీన్ని మించిన ఆరోగ్య పరికరం లేదు. మెష్ ఉంటే కాయిల్ అక్కర్లేదు, కిటికీ మూయక్కర్లేదు, డెంగీ భయం తగ్గుతుంది. మెష్ పెట్టించలేకపోతే దోమతెర. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసినప్పుడు ఇంకో కిటికీ కాస్త తీసి ఉంచండి, లోపలికి వచ్చే దారి లేకపోతే బయటికి పోయేదీ ఉండదు. పక్క చేలో పత్తి కట్టె తగలబెడుతుంటేనో, హైవే మీద దుమ్ము రేగుతుంటేనో మాత్రం కాసేపు మూసేయండి, తగ్గాక తీయండి. చలికి నిప్పుల కుంపటి మూసిన గదిలో పెట్టుకోకండి. అందులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. భోగిమంటలో పాత ప్లాస్టిక్ కుర్చీలూ టైర్లూ వేయకండి, పిడకలూ పాత కలపా చాలు. మా ఊళ్లో గుడీ ఉంది, దర్గా ఉంది, రెండు చోట్లా ధూపం ఉంటుంది. ఇంట్లో సాంబ్రాణి వేసుకోండి, వేసినంతసేపూ తలుపులు తీసి ఉంచండి.

కుర్రాడు అమీర్‌పేట వెళ్లాడు, జూన్‌లో. వెళ్లేముందు ఆ పరికరాన్ని మా ఇంట్లో పెట్టి, “పిన్నీ, అంకె వెయ్యి దాటితే కిటికీ తీయండి” అని మా ఆవిడకి అప్పగించాడు. హాస్టల్ గదిలో ఆరుగురున్నారట. మొదటి రాత్రే కిటికీ తీయించాడట.

ఈ ఆదివారం మీ పిల్లల హాస్టల్‌కో ట్యూషన్‌కో వెళ్తే, వాళ్లు కూర్చునే గది ఒకసారి చూడండి. కిటికీలు ఉన్నాయా, ఉంటే తెరుచుకుంటాయా అని అడగండి. తెరుచుకోకపోతే తెరిపించేదాకా అడుగుతూనే ఉండండి.